టైడా వెదురుతో ఆరు మీటర్ల ముక్కు తిమింగలం

పెద్ద జంతువుల్లో మనిషికి అతి తక్కువగా తెలిసినవి ముక్కు తిమింగలాలు. ఇప్పటివరకు గుర్తించిన జాతులు 24. వాటిలో రమారి ముక్కు తిమింగలం అనే దాన్ని 2021లో గానీ వేరే జాతిగా తేల్చలేదు. మన పక్కనే శ్రీలంకలో, కొలంబో దగ్గరి రత్మలానా తీరానికి 1963లో ఒకటి కొట్టుకొచ్చింది. అక్కడి శాస్త్రవేత్త పి.ఇ.పి. దెరణియగల దాన్ని కొత్త జాతి అన్నారు. తర్వాతివాళ్లు కాదని వేరే జాతిలో కలిపేశారు. చివరికి డీఎన్‌ఏ పరీక్షలు చేసి, 2014లో ఆయన చెప్పిందే సరైనదని ఒప్పుకున్నారు. కొన్ని జాతుల సంగతైతే, ఒడ్డుకు చేరిన కళేబరాలు తప్ప మనకు వేరే ఆధారమే లేదు.

ఇలాంటి జంతువును పిల్లలకు పరిచయం చేయడం ఎలా? పుస్తకంలో అరచేతంత బొమ్మ చూపిస్తే చేప అనుకుని పేజీ తిప్పేస్తారు. అసలు సైజులో, సొంత చేతులతో చేయిస్తే ఒక్కో అవయవం దగ్గరా ఆగి ‘ఇది ఇలా ఎందుకుంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలన్నిటికీ దాదాపు ఒకటే జవాబు: లోతు. ఈ తిమింగలం ఒంటి మీద ప్రతి గీతనూ సముద్రపు లోతే దిద్దింది.

ఆ పనికి టైడా మంచి చోటు. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, విశాఖపట్నానికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిది. చుట్టూ వెదురు ఉంది. వెదురును చీల్చి, వంచి, అల్లడం తెలిసిన చేతులు ఈ కొండల్లో ఉన్నాయి. ఘాట్ దిగితే బంగాళాఖాతం. ఆ సముద్రం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు.

మనం చేయబోయేది క్యూవియర్ ముక్కు తిమింగలం. ధ్రువ ప్రాంతాలు తప్ప అన్ని మహాసముద్రాల్లోనూ ఉండే జాతి కాబట్టి దీన్ని ఎంచుకున్నాం. ఫ్రాన్స్ తీరంలో 1804లో దొరికిన ఒక పుర్రెను చూసి, ఫ్రెంచ్ శాస్త్రవేత్త జార్జ్ క్యూవియర్ 1823లో దీని గురించి రాశాడు. అది ఎప్పుడో అంతరించిపోయిన జంతువని ఆయన అనుకున్నాడు. ఈ జాతి నేటికీ మన సముద్రాల్లో బతికే ఉంది.

కావలసినవి

పండిన వెదురు బొంగులు ఎనిమిది నుంచి పది, వీలైతే ఆరు మీటర్ల పొడవువి. కట్టడానికి అడ్డ నార లేదా పురికొస. పాత న్యూస్‌పేపర్లు, రెండు మూడు గోనె సంచులు. మైదా, చిటికెడు మైలుతుత్తం. ముగ్గుపిండి. రంగులకు జేగురుమన్ను, మెత్తగా నూరిన బొగ్గు, సున్నం, తుమ్మ బంక. ముప్పై మీటర్లకు పైగా ఉండే తాడు ఒకటి.

ఒక్క నియమం పెట్టుకోండి. నైలాన్ తాడు, ప్లాస్టిక్ టేపు, ఫ్లెక్సీ ముక్క, థర్మోకోల్ ఈ బొమ్మలో ఎక్కడా ఉండకూడదు. కారణం చివర్లో చెబుతాను.

వానాకాలంలో మొదలుపెట్టకండి. ఈ కొండల్లో వాన పట్టిందంటే కాగితం పొర ఆరదు, బూజు పడుతుంది. సంక్రాంతి దాటాక ఎండ కాసే రోజులు ఈ పనికి అనువు.

ఒకటో మెట్టు: నేల మీద ముగ్గు

ముందుగా బడి ఆవరణను ఊడ్చి కళ్లాపి చల్లండి. ఆరు మీటర్ల గీత గీసి, అర మీటరుకో గుర్తు పెట్టండి. ఒక కొస ముక్కు, రెండో కొస తోక. ఒక్కో గుర్తు దగ్గర ఒళ్లు ఎంత మందం ఉండాలో ఇలా కొలవండి. అర మీటరు దగ్గర 45 సెంటీమీటర్లు, ఒక మీటరు దగ్గర 70, ఒకటిన్నర దగ్గర 85. రెండు నుంచి మూడు మీటర్ల దాకా నిండుగా 100. అక్కడి నుంచి సన్నబడుతూ మూడున్నర దగ్గర 95, నాలుగు దగ్గర 80, నాలుగున్నర దగ్గర 60, అయిదు దగ్గర 40, అయిదున్నర దగ్గర 25.

ఆ గుర్తులన్నిటినీ కలుపుతూ ముగ్గు వేస్తే రెండు కొసలా సన్నబడి మధ్యలో నిండిన ఆకారం వస్తుంది. ఇది పెద్ద క్యూవియర్ తిమింగలం ఆకారం. పెద్దవి సాధారణంగా అయిదు నుంచి ఏడు మీటర్ల పొడవుంటాయి, రెండు మూడు టన్నుల బరువు తూగుతాయి. తల చిన్నది, మొత్తం పొడవులో పదో వంతు. మెడ కనిపించదు. ఎక్కడా మిట్టపల్లాలు లేవు. ప్రతి రోజూ పైనుంచి కిందికీ కింది నుంచి పైకీ కిలోమీటర్ల కొద్దీ ప్రయాణించే జంతువుకు నీరు అడ్డుపడకూడదు. పిల్లల్ని ఆ ముగ్గు మధ్యలో వరసగా పడుకోబెట్టి చూడండి. తిమింగలం ఎంతటిదో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

రెండో మెట్టు: వెదురు

లేత వెదురు వంగినంత సులువుగా ముడుచుకుపోతుంది, పురుగూ పడుతుంది. కనీసం మూడేళ్ల బొంగు కావాలి. పెరటి పొదల్లోంచి కొట్టుకోండి, లేదా సంతలో కొనండి. కొట్టిన బొంగుల్ని కొన్నాళ్లు గెడ్డ నీళ్లలో నానబెడితే లోపలి పిండి పదార్థం కారిపోయి పురుగు బెడద తగ్గుతుంది.

చీల్చే పని పెద్దలదే. బద్ద అంచు కత్తిలా కోస్తుంది. బుట్టలు, తడకలు అల్లే పెద్దాయన్నో పెద్దమ్మనో పిలిచి కూర్చోబెట్టండి. ‘తాతా, ఇది మీ చేతి పని’ అని వాళ్లకే వదిలేయండి. రెండు రకాల బద్దలు కావాలి. రింగులకు వేలి వెడల్పున పల్చటివి, పొడవునా వేయడానికి రెండు వేళ్ల వెడల్పున గట్టివి. కణుపుల దగ్గర లోపలి వైపు గీకి నున్నగా చేయాలి. ఆకుపచ్చ తొక్క ఎప్పుడూ బయటి వైపే ఉండాలి. లోపలి వైపు పైకి పెట్టి వంచితే బద్ద పుటుక్కున విరుగుతుంది.

మూడో మెట్టు: పక్కటెముకలు

ముగ్గు మీది కొలతల ప్రకారం అర మీటరు నుంచి అయిదున్నర మీటర్ల దాకా మొత్తం పదకొండు రింగులు చేయాలి. మీటరు మందం వచ్చే రింగుకు మూడు మీటర్ల నలభై సెంటీమీటర్ల బద్ద తీసుకుంటే, కొసలు ఒకదాని మీదొకటి వేసి కట్టడానికి సరిపోతుంది. నిప్పుల సెగ మీద బద్దను తిప్పుతూ, వేడెక్కిన చోట మెల్లగా వంచండి. కొసల్ని నారతో రెండు చోట్ల బిగించండి. నారను ముందు నీళ్లలో తడిపితే, ఆరాక ఇంకా బిగుస్తుంది.

రింగుల్ని ముగ్గు మీద వాటి వాటి స్థానాల్లో నిలబెట్టి, చుట్టూ ఎనిమిది పొడవు బద్దలు వేసి కట్టండి. వెన్ను మీద ఒకటి, పొట్ట కింద ఒకటి, పక్కలకు మూడేసి. బొంగు పొడవు చాలకపోతే అతుకు దగ్గర అర మీటరు మేర జంట చేయండి. చట్రం నిలబడగానే పిల్లలు లోపలికి దూరతారు. దూరనివ్వండి. పాఠం అక్కడే ఉంది.

ఒకరు లోపల కూర్చుని చూస్తుండగా, ఇంకొకరితో ఒక రింగును బయటి నుంచి మెల్లగా నొక్కించండి. లోపలికి ఒంగి, వదలగానే మళ్లీ తెరుచుకుంటుంది. అసలు తిమింగలానికీ పక్కటెముకలు ఇలా లొంగేవే. మూడు కిలోమీటర్ల లోతున నీటి ఒత్తిడి పైన మనం మోసే గాలి ఒత్తిడికి సుమారు 300 రెట్లు. గట్టి పెట్టెలాంటి ఛాతీ అక్కడ పగిలిపోతుంది. వీటి ఛాతీ ముడుచుకుంటుంది, ఊపిరితిత్తులు కుంచించుకుపోతాయి. మరి ఊపిరి? అది ఊపిరితిత్తుల్లో కన్నా రక్తంలో, కండరాల్లో ఎక్కువగా నిలవ ఉంటుంది. ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ దండిగా ఉండబట్టి వీటి కండ నలుపు తిరిగిన ఎరుపు రంగులో ఉంటుంది. మునిగినప్పుడు గుండె నెమ్మదిస్తుంది.

నాలుగో మెట్టు: తల, ముక్కు, గొంతు

మొదటి అర మీటరు జాగ్రత్తగా చేయాలి. పొడవు బద్దల్ని ముందుకు లాగి, పైవాటిని నుదుటి దగ్గర కాస్త ఉబ్బెత్తుగా వంచి, కొసలో పొట్టి ముక్కుగా కలపండి. మిగతా ముక్కు తిమింగలాలతో పోలిస్తే క్యూవియర్ ముక్కు పొట్టి. నుదురు ఏటవాలుగా జారుతుంది. కింది దవడ పైదాని కన్నా కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది. నోటి గీత చిన్నది, వెనక కాస్త పైకి వంపు తిరుగుతుంది. కన్ను చిన్నది, అర మీటరు రింగు దాటాక పెట్టండి. ఊపిరి తీసే రంధ్రం నడినెత్తిన, నెలవంకలా ఒకటే.

ఆ ఉబ్బెత్తు నుదురులో కొవ్వు ఉంటుంది. తిమింగలం చేసే టిక్కు టిక్కు శబ్దాల్ని ఆ కొవ్వు ఒక దారిలో ముందుకు పంపుతుంది. చిమ్మచీకట్లో ఆ శబ్దం దేనికి తగిలి తిరిగొచ్చిందో విని వేటాడుతుంది. పరికరాలు అమర్చి గమనించినప్పుడు ఒక సంగతి తేలింది: పైన ఉన్నంతసేపూ అది మౌనంగా ఉంటుంది. వందల మీటర్లు దిగాక గానీ శబ్దం మొదలుపెట్టదు. పైనీళ్లలో తిరిగే కిల్లర్ తిమింగలాలు వింటాయన్న జాగ్రత్తే దీనికి కారణం కావచ్చని పరిశోధకుల ఆలోచన.

ఇప్పుడు గొంతు. దవడ కింద, ముందుకు వచ్చేకొద్దీ దగ్గరయ్యే రెండు గాడులు చేయండి. అటూ ఇటూ రెండు సన్న బద్దలు కట్టి, మధ్యలో గోనెగుడ్డను లోపలికి నొక్కి కుట్టేస్తే చాలు. ముక్కు తిమింగలాలన్నిటికీ ఉండే గుర్తు ఇది. ఈ జంతువు ఆహారాన్ని నమలదు, కొరకదు. స్క్విడ్ దగ్గరికి రాగానే నాలుకను ఒక్కసారిగా వెనక్కి లాగుతుంది. గాడులు విచ్చుకుని గొంతు పెద్దదవుతుంది. ముంజెలో నీళ్లు మనం జుర్రుకున్నట్టు, స్క్విడ్ నీటితో సహా నోట్లోకి వచ్చేస్తుంది.

అయిదో మెట్టు: రెక్కలు, తోక

పక్క రెక్కలు చిన్నవి. అరవై సెంటీమీటర్ల పొడవు చాలు. ఒకటిన్నర మీటరు రింగు దగ్గర, పొట్ట వైపుగా కట్టండి. రెక్క వెనక ఒంట్లో దాని ఆకారానికి సరిపడా చిన్న పల్లం వదలండి. ఈదేటప్పుడు తిమింగలం రెక్కల్ని ఆ పల్లంలో ఇముడ్చుకుంటుంది. నీటికి అడ్డు తగ్గుతుంది. తక్కువ శ్రమతో లోతుకు జారిపోవచ్చు.

వీపు రెక్క ముక్కు కొస నుంచి సరిగ్గా నాలుగు మీటర్ల దగ్గర, అంటే పొడవులో మూడింట రెండు వంతులు దాటాక వస్తుంది. ఎత్తు ముప్పై సెంటీమీటర్లు, కొస వెనక్కి వంగి ఉండాలి.

తోక వెడల్పు ఒకటిన్నర మీటరు. దీన్ని పడుకోబెట్టి కట్టాలి, నిలువుగా కాదు. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ కొడుతుంది. 2022లో విశాఖ దగ్గర తంతడి తీరంలో ఒడ్డున చిక్కుకున్న భారీ జీవిని మత్స్యకారులు, అటవీ శాఖవాళ్లు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. అది తిమింగలపు సొర. పేరులో తిమింగలం ఉన్నా అది చేప, దాని తోక నిలువు. తీరంలో ఏది కనిపించినా ముందు తోక చూడమని పిల్లలకు చెప్పండి.

ఇంకో తేడా కూడా ఉంది. చాలా తిమింగలాల తోక వెనక అంచున నడిమధ్యలో చీలిక ఉంటుంది. ముక్కు తిమింగలాలకు సాధారణంగా ఆ చీలిక ఉండదు. అంచును నేరుగా కలిపేయండి.

ఆరో మెట్టు: చర్మం

లీటరు నీళ్లలో పావుకిలో మైదా ఉండలు కట్టకుండా కలిపి, సన్న సెగ మీద చిక్కబడేదాకా ఉడికించండి. దించాక పెద్దవాళ్లే చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది ఉంటే ఎలుకలు, పురుగులు దరిచేరవు. విషం కాబట్టి ఆ జిగురు పూసినవాళ్లంతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మిగిలిన జిగురు గెడ్డలో పారబోయకండి.

ముందు చట్రం అంతటా గోనె పట్టీలు చుట్టండి. పైన న్యూస్‌పేపర్ పట్టీలు ఒకదాని మీదొకటి ఎక్కేలా అంటించండి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. మూడు పొరలు చాలు. తడి మీద తడి వేస్తే లోపల కుళ్లుతుంది. మూడో పొర ఆరాక వేలితో కొడితే డప్పు మోత రావాలి.

ఏడో మెట్టు: రంగు, గాట్లు, పళ్లు

జేగురులో కొంచెం బొగ్గుపొడి, తుమ్మ బంక నీళ్లు కలిపితే ముదురు గోధుమరంగు వస్తుంది. ఒళ్లంతా అదే పూయండి. తలకు, వీపు ముందు భాగానికి సున్నం కలిపి తెల్లబరచండి. వయసు మీరేకొద్దీ, ముఖ్యంగా మగవాటికి, తల తెల్లబడుతుంది.

పిల్లలతో ఇప్పుడే ఒక నిర్ణయం చేయించండి: మగదా, ఆడదా? మగదైతే కింది దవడ కొసన రెండే రెండు పళ్లు, మొనదేలిన వెదురు ముక్కలతో. ఆడదైతే పళ్లు బయటికి కనిపించవు. ఆడవి పళ్లు లేకుండానే కడుపు నింపుకుంటున్నాయంటే, ఆ రెండు పళ్లు తినడానికి కాదన్నమాట. మగవి ఒకదానితో ఒకటి పోట్లాడేటప్పుడు వాటితో గీసుకుంటాయి. మానిన గాట్ల మీద రంగు మళ్లీ రాదు. అందుకే ముసలి మగ తిమింగలం ఒళ్లంతా తెల్లటి గీతలే. సున్నంలో ముంచిన పుల్లతో వీపు మీద, పక్కల మీద పొడవాటి గీతలు లాగండి. అక్కడక్కడా కోడిగుడ్డంత తెల్ల మచ్చలు పెట్టండి. అవి కుకీకటర్ అనే చిన్న సొర, మాంసపు ముక్కను గుండ్రంగా కొరుక్కుపోయిన గుర్తులు. పరిశోధకులు ఫోటోల్లో ఈ గాట్లను చూసే ఒక తిమింగలాన్ని ఇంకోదాని నుంచి వేరుగా గుర్తుపడతారు. మీ బొమ్మ మీది గీతలూ మరే బొమ్మ మీదా ఉండవు.

ఎనిమిదో మెట్టు: లోతు తాడు

తిమింగలాన్ని మూడు చోట్ల కత్తెర గుంజల మీద వరండాలో నిలబెట్టండి. ఇది మట్టిరంగు, వాన తగిలితే కారిపోతుంది. ఆ పక్కనే లోతు తాడు కట్టాలి.

తాడు మీద ఒక సెంటీమీటరును సముద్రంలో ఒక మీటరు అనుకోండి. మొదటి ముడి 80 సెంటీమీటర్ల దగ్గర, అది బొర్రా గుహల లోతు. రెండోది రెండు మీటర్ల దగ్గర, సూర్యకాంతి చాలావరకు అక్కడితో సరి. 4.75 మీటర్ల దగ్గర ఇంకో ముడి, తిమింగలం సగటున అక్కడికి దిగాక టిక్కు టిక్కు మొదలుపెడుతుంది. 9.96 మీటర్ల దగ్గర ఎర్ర గుడ్డ కట్టండి. టైడా మీదుగా వెళ్లే రైలు అరకు చేరేముందు శిమిలిగుడ స్టేషన్‌లో ఆగుతుంది. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ మార్గంలో అత్యంత ఎత్తైన స్టేషన్‌గా పేరున్న ఆ చోటు సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు; ఎర్ర గుడ్డ అంతే లోతుకు గుర్తు. 14 మీటర్ల దగ్గర మరో ముడి. కాలిఫోర్నియా తీరంలో పరికరాలు అమర్చిన క్యూవియర్ తిమింగలాలు వేటకు దిగే సగటు లోతు సుమారు 1,400 మీటర్లు, అందుకు పట్టే సమయం గంట దాటుతుంది. చివరి ముడి 29.92 మీటర్ల దగ్గర. 2014లో ప్రకటించిన రికార్డు అది: 2,992 మీటర్లు. శిమిలిగుడ ఎత్తుకు మూడు రెట్లు, లోపలికి.

ఒక్క ఊపిరితో ఎంతసేపు ఉండగలదో కూడా చెప్పండి. 2017లో అమెరికా తూర్పు తీరంలో ఒక క్యూవియర్ తిమింగలం 222 నిమిషాలు, అంటే 3 గంటల 42 నిమిషాలు నీళ్లలోనే ఉంది. పాలిచ్చే జంతువుల్లో ఇప్పటిదాకా నమోదైన అతి పొడవైన మునక అదే.

ప్లాస్టిక్ ఎందుకు వద్దన్నానంటే

2017 జనవరిలో నార్వేలోని సోత్రా తీరంలో చిక్కుకున్న ఒక క్యూవియర్ తిమింగలం కడుపులో సుమారు 30 ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. 2019 మార్చిలో ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన ఇంకోదాని కడుపులో 40 కిలోల ప్లాస్టిక్ దొరికింది. చీకట్లో శబ్దాన్ని నమ్ముకుని స్క్విడ్‌ను పీల్చుకునే జంతువుకు నీటిలో తేలే కవరు కూడా తిండిలాగే తోచి ఉండొచ్చు. గొంతు గాడులు చేసేటప్పుడు నాలుక సంగతి విన్న పిల్లలకు ఇది విడిగా వివరించక్కర్లేదు.

ఈ తిమింగలాలకు రెండో ప్రమాదం మోత. సైనిక సోనార్ శబ్దానికి ముక్కు తిమింగలాలు బెదిరి ఒడ్డుకు చేరి చనిపోయిన ఘటనలు 1996లో గ్రీసులో, 2000లో బహామాస్‌లో, 2002లో కానరీ దీవుల్లో జరిగాయి. స్పెయిన్ 2004లో కానరీ దీవుల చుట్టూ సోనార్‌ను నిషేధించాక అక్కడ అలాంటి మూకుమ్మడి మరణాలు ఆగిపోయాయి. మనిషి ఆపగలిగిన నష్టం అది, ఆపాడు.

ప్లాస్టిక్‌ను ఆపడం మన చేతిలోనే ఉంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి, తాటిపూడి మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కొండల్లో వాగులోకి విసిరిన చిప్స్ కవరుకు సముద్రానికి దారి ఉంది.

ఉపాధ్యాయులకు, ఈ దారిలో అరకు వెళ్లే యాత్రికులకు నా విన్నపం ఒకటే. బడిలో ఒక తిమింగలం చేయించండి. తీరంలో నిజమైన తిమింగలం చిక్కుకుంటే మీద పడి ఫోటోలు దిగకుండా అటవీ శాఖకు చెప్పండి. చనిపోయినదాని పన్ను గానీ ఎముక గానీ ఇంటికి తెచ్చుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. కొండెక్కేటప్పుడు తెచ్చిన ప్లాస్టిక్‌ను దిగేటప్పుడు మీతోనే తీసుకెళ్లండి.